అప్పు పత్రం చదవడం నేర్పిన ఇంగ్లీషు తరగతి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల దుకాణం పైనున్న మేడగదిలో, వారానికి మూడు సాయంత్రాలు ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ఒక ఇంగ్లీషు తరగతి జరుగుతుంది. బయట బోర్డు లేదు. జిల్లాలోని పలు బ్యాంకు శాఖల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు దీన్ని నడుపుతున్నారు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరారు కనుక రాయడం లేదు. మూడు నెలల కోర్సుకు రుసుము 3,600 రూపాయలు. మొత్తం 38 తరగతుల్లో నేను 36 తరగతులకు హాజరయ్యాను.

ఊళ్లోని స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రాలు నేర్పేవేవీ ఇక్కడ నేర్పరు. మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడం, మీ అభిరుచులు చెప్పడం, ఇంటర్వ్యూలో కూర్చునే తీరు వంటివి ఇక్కడ కనిపించవు. ధరలు, అప్పులు, కూలి, పన్నులు, పింఛన్లు, వలసలు, బడ్జెట్టు వంటి విషయాల్లో, అంటే డబ్బుకూ సమాజానికీ సంబంధించి పత్రికల్లోనూ బ్యాంకు కాగితాల్లోనూ ప్రభుత్వ నోటీసుల్లోనూ రోజూ ఎదురయ్యే ఇంగ్లీషు మాటలూ పలుకుబడులూ మాత్రమే ఇక్కడి పాఠాలు. ఇలాంటి తరగతి మన జిల్లాలో ఉందని తెలియక నాలాంటివారు ఎందరో నష్టపోతున్నారని నాకు గట్టిగా అనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను ఒక టోకు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషు అక్షరాలు చదవగలను, బిల్లులు రాయగలను, జీఎస్టీ రిటర్నుల్లో ఏ గడిలో ఏ అంకె వేయాలో తెలుసు. అంతకు మించి ఒక పేరా ఇంగ్లీషు కనిపిస్తే కన్ను దానిమీంచి జారిపోయేది. ఎనిమిదేళ్ల క్రితం నాతో కలిసి పనిచేసిన ఒకాయన ఇల్లు బాగుచేయించుకోవడానికి ఒక బ్యాంకులో రెండు లక్షల రూపాయలు అప్పు తీసుకుంటూ నన్నూ మరొకరినీ జామీను ఉండమన్నారు. సంతకాలు పెట్టవలసిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు, మేము పెట్టేశాము. రెండేళ్లకు ఆయన వాయిదాలు కట్టలేక ఊరు విడిచి వెళ్లారు. మిగిలిన 1,14,000 రూపాయలు మొత్తం కట్టమని నాకు నోటీసు వచ్చింది. జామీనుదారులం ఇద్దరం కనుక నా వంతు సగమే కదా అని నేను వాదించాను. ఆ కౌంటరు దగ్గర ఎవరూ నాకు విషయం విడమరచి చెప్పలేదు, పత్రంలో ఒక వరుస కింద వేలు పెట్టి చూపించి ఊరుకున్నారు. ఆ వరుసలో ఉన్న మాట ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’. సెవరల్ అంటే ‘చాలా’ అని బడిలో నేర్చుకున్నాను గనుక ఏదో గట్టిగా రాశారని మాత్రం అనుకున్నాను.

ఆ మాటకు అర్థం నాకు ఈ తరగతిలో తొమ్మిదో రోజున తెలిసింది. జాయింట్లీ అంటే అందరూ కలిసి, సెవరల్లీ అంటే ఎవరికి వారుగా విడివిడిగా. రెండూ కలిపి రాస్తే, బాకీ మొత్తాన్ని సంతకం పెట్టినవారిలో ఏ ఒక్కరి నుంచైనా పూర్తిగా రాబట్టుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. ఇది ఆ బ్యాంకు కొత్తగా కల్పించిన నిబంధన కాదనీ, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షనే, వేరే ఒప్పందం లేనంతవరకు, జామీనుదారు బాధ్యతను అసలు అప్పుదారు బాధ్యతతో సమానం చేసిందనీ మాస్టారు చెప్పారు. అంతటితో ఆగకుండా, మొత్తం కట్టిన జామీనుదారు తోటి జామీనుదారు నుంచి అతని వంతు అడిగి తీసుకునే వీలు కూడా అదే చట్టంలో ఉందని వివరించారు. అప్పటికి నేను ఆ బాకీ పూర్తిగా తీర్చి నాలుగేళ్లయింది. ఒక్క క్రియావిశేషణానికి అర్థం తెలియక నేను చెల్లించిన మూల్యం అది.

ఈ తరగతికి ముందు ఊళ్లోనే మరొక కేంద్రంలో చేరాను. అక్కడ ముందే మొత్తం రుసుము తీసుకుని మూడు వేల మాటల జాబితా చేతిలో పెట్టారు. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు ఒకే ఒక్క తెలుగు మాట. రోజుకు యాభై మాటలు బట్టీపట్టి అప్పజెప్పాలి. సబ్సిడీ అంటే రాయితీ, డిస్కౌంట్ అంటే రాయితీ, కన్సెషన్ అంటే రాయితీ అని మూడు చోట్ల మూడుసార్లు చదివాను. ఎప్పుడు ఏది వాడాలో ఆ జాబితా చెప్పలేదు. నెల తిరక్కుండానే మానేశాను.

మాస్టారి పద్ధతి సరిగ్గా అక్కడే వేరు. ఆయన ఇంగ్లీషు మాటతో పాఠం మొదలుపెట్టరు. మన మాటతో మొదలుపెట్టి, ఆ ఒక్క మాట కింద మనం ఎన్ని రకాల వ్యవహారాలను కలిపేస్తున్నామో చూపించి, తర్వాత ఒక్కొక్క వ్యవహారానికి ఇంగ్లీషులో ఉన్న పేరు చెబుతారు. రాయితీ పాఠం రోజున ఆయన బల్లమీద నాలుగు కాగితాలు పరిచారు. ఒకటి గ్యాసు సిలిండరు రసీదు, రెండోది అరవై దాటిన ఒకాయన ఆర్టీసీ బస్సు టికెట్టు, మూడోది పండగ అమ్మకాల్లో కొన్న చీర బిల్లు, నాలుగోది మునిసిపాలిటీ ఆస్తి పన్ను రసీదు. ప్రభుత్వం ధరలో కొంత భారం తాను మోసి మన ఖాతాలో వేసేది సబ్సిడీ. మన వయసునో చదువునో పరిస్థితినో చూసి తగ్గించేది కన్సెషన్. అమ్మేవాడు సరుకు కదలడానికి తన లాభంలోంచి తగ్గించేది డిస్కౌంట్. మనం కట్టవలసిన దానిలోనే, గడువుకు ముందు కట్టినందుకు కొంత వదిలేసేది రిబేటు. నాలుగింటికీ తెలుగు పత్రికలో రాయితీ అనే ఉంటుంది. ఆ నాలుగు కాగితాలూ చేతులు మారుతూ గది చుట్టూ తిరిగి వచ్చేసరికి, ఆ నాలుగు మాటలూ ఎవరికీ మళ్లీ చెప్పవలసిన పని లేకపోయింది. నా దుకాణంలో ఇరవై ఏళ్లుగా డిస్కౌంటు అనే మాట రాస్తున్నాను. దానికీ సబ్సిడీకీ తేడా డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందన్న దాంట్లో ఉందని అప్పుడే స్పష్టంగా తోచింది.

తాకట్టు మాట కూడా అలాంటిదే. బంగారం పెట్టినా తాకట్టే, ఇల్లు పెట్టినా తాకట్టే. ఇంగ్లీషు పత్రంలో అయితే బంగారానికి ప్లెడ్జ్, భూమికీ ఇంటికీ మార్ట్‌గేజ్, బండికీ దుకాణంలో సరుకుకూ హైపాథికేషన్ అని ఉంటుంది. మొదటిదానిలో వస్తువు అప్పిచ్చినవారి చేతిలోకి వెళ్లిపోతుంది. మూడోదానిలో వస్తువు మన దగ్గరే ఉండి, దానిమీద హక్కు మాత్రం వారికి ఉంటుంది. మోటారు సైకిలు ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఎందుకుంటుందో మా తరగతిలో సగం మందికి ఆ రోజు తెలిసింది.

ఈ కోర్సు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది వడ్డీ పాఠం. దానికి మాస్టారు నాలుగు తరగతులు కేటాయించారు, అది సరైన నిర్ణయం. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే పిల్లవాడికి కూడా తెలుసు. బ్యాంకు కాగితంలో మాత్రం ‘ట్వెల్వ్ పర్సెంట్ పర్ ఆనమ్’ అని ఉంటుంది. పర్ ఆనమ్ అంటే ఏడాదికి అని తెలియని మనిషికి పన్నెండు అనే అంకె కనిపించి గుండె ఆగుతుంది. రెండు రూపాయల వడ్డీ తక్కువనీ, పన్నెండు శాతం చాలా ఎక్కువనీ అనుకుని ప్రైవేటు అప్పు వైపు వెళ్తారు. నిజానికి రూపాయి వడ్డీయే ఏడాదికి పన్నెండు శాతం, రెండు రూపాయల వడ్డీ ఇరవై నాలుగు శాతం. మా తరగతిలో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసే ఒకావిడ ఉన్నారు. ఆమె నోటు పుస్తకం చివరి అట్ట మీద ‘పావలా, అర్ధ, రూపాయి, రూపాయిన్నర, రెండు’ అని నిలువుగా రాసుకుని, వాటి ఎదురుగా ‘మూడు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు’ అని వేసుకుని, పైన ‘పర్ ఆనమ్’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశారు. తర్వాతి వారం అది మా అందరి పుస్తకాల్లోకీ ఎక్కింది.

దాని తర్వాత వచ్చింది ఫ్లాట్, రెడ్యూసింగ్ అనే రెండు మాటల సంగతి. లక్ష రూపాయలు పన్నెండు నెలల వాయిదాలకు, పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకుంటే, ఏడాది పొడవునా లక్ష మన దగ్గరే ఉన్నట్టు లెక్కవేసి 12,000 రూపాయల వడ్డీ వేస్తారు. నెలకు 9,333 రూపాయలు కట్టాలి. అదే పన్నెండు శాతం రెడ్యూసింగ్ పద్ధతిలో అయితే, ప్రతి వాయిదాకూ అసలు తగ్గుతూ పోతుంది కనుక మిగిలిన బాకీ మీదే వడ్డీ పడుతుంది. నెలకు సుమారు 8,885 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు 6,620. రేటు ఒకటే అయినా కట్టే వడ్డీ దగ్గర దగ్గర రెట్టింపు. ఈ తేడా మొత్తం ఒక్క మాటలో దాగి ఉంది, ఆ మాట అప్పు పత్రంలో చిన్న అక్షరాలతో ఉంటుంది. మాస్టారు ఆ రోజు నల్లబల్ల మీద పన్నెండు నెలల పట్టీ పూర్తిగా వేసి, ప్రతి వరుసలో అసలెంత, వడ్డీ ఎంత, మిగిలిన బాకీ ఎంత అని మాచేత ఇంగ్లీషులో పలికించారు. ప్రిన్సిపల్, ఇంట్రెస్ట్, ఔట్‌స్టాండింగ్ అనే మూడు మాటలు పన్నెండేసి సార్లు పలికాము. ఔట్‌స్టాండింగ్ అంటే ‘గొప్పది’ అని మాత్రమే తెలిసిన డిగ్రీ కుర్రాడొకడు, అదే మాట ‘ఇంకా తీరని బాకీ’ అని కూడా అవుతుందని అక్కడే నేర్చుకున్నాడు.

మనలో ఎప్పుడో స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటలే మనల్ని ఎక్కువగా తికమక పెడతాయని మాస్టారు అంటారు. ఇది నేను పూర్తిగా ఒప్పుకునే మాట. రెవెన్యూ అంటే మనకు తహశీల్దారు కార్యాలయం, అందువల్ల బడ్జెట్టు వార్తలో ‘రెవెన్యూ డెఫిసిట్’ (ప్రభుత్వ రోజువారీ ఖర్చు దాని రాబడిని మించడం) అని కనిపిస్తే భూముల శాఖలో ఏదో లోటు వచ్చిందనుకుంటాము. సొసైటీ అంటే ఎరువులూ విత్తనాలూ ఇచ్చే సహకార సంఘం. కమ్యూనిటీ అంటే కులం. ఫైనాన్స్ అంటే బండ్ల మీద అప్పులిచ్చే కంపెనీ. కరెంట్ అంటే విద్యుత్తు గనుక, ‘కరెంట్ అకౌంట్’ అనే మాట వినగానే మా పక్క బెంచీలో ఉన్న పెద్దాయన విద్యుత్ బిల్లు సంగతి అడిగారు, అది వ్యాపారులు బ్యాంకులో పెట్టుకునే ఖాతా. అన్నిటికంటే కాల్ మనీ అనే మాట నన్ను ఆశ్చర్యపరిచింది. 2015లో విజయవాడ వడ్డీ వ్యాపారుల దురాగతాలు బయటపడిన నాటి నుంచి ఆ మాట మనకు ఒక దౌర్జన్యానికి పేరైపోయింది. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరోజుకు ఇచ్చిపుచ్చుకునే డబ్బుకు అదే పేరుందని, ఇంగ్లీషు పత్రిక వ్యాపారం పేజీలో ఆ మాట రోజూ ఏ నిందా లేకుండా ఉంటుందని తెలిసినప్పుడు, మాటను అది ఉన్న చోటు చూసి చదవాలన్న సంగతి నాకు బాగా ఎక్కింది.

సమాజానికి సంబంధించిన మాటల్లో వలస గురించిన పాఠం మా జిల్లాకు సరిగ్గా సరిపోయింది. తరగతిలో తీర గ్రామానికి చెందిన ఒక అమ్మాయి ఉంది. ఆమె మేనమామలు గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీద పనిచేస్తారు, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే ఇంటి దగ్గర ఉంటారు. ‘మాస్టారండీ, మా మావయ్యలు ఎమిగ్రంట్లా, మైగ్రంట్లా?’ అని ఆమె అడిగింది. దేశం విడిచి వెళ్లేవారు ఆ దేశం దృష్టిలో ఎమిగ్రంట్లు, చేరుకున్న దేశం దృష్టిలో ఇమిగ్రంట్లు, చోటు మారి బతికేవారందరూ మైగ్రంట్లు, పని దొరికే కాలానికి వెళ్లి తిరిగి వచ్చేవారు సీజనల్ మైగ్రంట్లు అని చెప్పి, ‘మీ మావయ్యలు చివరి కోవ, అమ్మా’ అన్నారు ఆయన. ఆ వెంటనే, 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చిన మన ప్రాంతపు మత్స్యకారుల గురించి ఇంగ్లీషులో తాను రాసి తెచ్చిన ఒక చిన్న పేరా చదివించారు. అందులో అప్రిహెండెడ్, డిటెయిన్డ్, రిలీజ్డ్, రిపాట్రియేటెడ్ అనే నాలుగు మాటలున్నాయి. పట్టుకోవడం, నిర్బంధంలో ఉంచడం, విడిచిపెట్టడం, స్వదేశానికి చేర్చడం అనే నాలుగు దశలు, వరుసగా. ఆ రోజు పాఠం వింటున్నప్పుడు గదిలో ఎవరూ గుసగుసలాడలేదు. మాటలు నేర్చుకుంటున్నామన్న సంగతి కూడా మరచిపోయాము.

అలాగే లాకౌట్ అనే మాటకు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అర్థం చెప్పవలసిన అవసరం లేదు. జూట్ మిల్లుల గేట్లు ఆ మాటను మనకు ఎప్పుడో నేర్పాయి. మా తరగతికి విజయనగరం జిల్లా జూట్ మిల్లులో పనిచేసి వచ్చిన ఒకాయన, కార్మికులు పని ఆపితే స్ట్రైకు, యజమాని గేటు మూస్తే లాకౌట్, పని చూపించలేక తాత్కాలికంగా కూర్చోబెడితే లే-ఆఫ్, శాశ్వతంగా తీసేస్తే రిట్రెంచ్‌మెంట్ అని మాస్టారి కంటే ముందే చెప్పేశారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లే-ఆఫ్ రోజులకు మూల వేతనం, కరువు భత్యాలలో సగం ఇప్పించే ఏర్పాటు చేసిందని ఆయనకు నోటికి వచ్చు. ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా సరిగా చెప్పలేని మనిషికి ఈ నాలుగు మాటల మధ్య తేడా ఏ పట్టభద్రుడి కంటే స్పష్టంగా తెలుసు. మాస్టారు ఆయనను ముందుకు పిలిచి ఆ తరగతిని ఆయన చేతనే చెప్పించడం నాకు ఎంతో నచ్చింది.

పలుకుబడుల విషయంలోనూ ఇదే పద్ధతి. ‘మేక్ ఎండ్స్ మీట్’ అంటే ఏమిటని అడిగితే నిఘంటువులోని అర్థం కాకుండా, మన ఇళ్లలో ఆ పరిస్థితిని ఏమంటారో చెప్పమంటారు. ఇల్లు గడవడం అని ఒకరు, సంసారం ఈదుకురావడం అని ఇంకొకరు చెప్పారు. ‘టైటెన్ వన్స్ బెల్ట్’ అంటే నోరు కట్టుకోవడం. ‘హ్యాండ్ టు మౌత్’ అంటే రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. ‘బ్రేక్ ఈవెన్’ అంటే మదుపు తిరిగి రావడం, అంటే లాభం లేదు, నష్టమూ లేదు. ‘డర్ట్ చీప్’ అంటే కారుచౌక. ‘లివ్ బియాండ్ వన్స్ మీన్స్’ అంటే తాహతుకు మించి బతకడం. ‘సేవ్ ఫర్ ఎ రెయినీ డే’ దగ్గర మాత్రం తరగతి ఆగిపోయింది. వాన కోసం ఎదురుచూసే రైతుకు వాన రోజు కష్టదినం ఎలా అవుతుందని ఒక వ్యవసాయ కుటుంబపు కుర్రాడు అడిగాడు. ఇంగ్లండులో వాన పడితే కూలికి వెళ్లేవాడి పని ఆగిపోతుందని మాస్టారు చెప్పినా, మాలో చాలామందికి ఆ మాట 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుతోనే అర్థమైంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకూలిన ఆ రోజుల్లో చేతిలో పది రూపాయలు దాచుకున్నవారికీ దాచుకోనివారికీ ఎంత తేడా వచ్చిందో అందరికీ గుర్తుంది.

పత్రిక చదివే తరగతులు కోర్సు రెండో నెలలో మొదలవుతాయి. ధరల పెరుగుదల తగ్గడం వేరు, ధరలు తగ్గడం వేరు అన్న సంగతి అక్కడే తెలిసింది. కందిపప్పు కిలో 100 రూపాయల నుంచి ఏడాదిలో 110కి, మరుసటి ఏడాది 113కి చేరిందనుకుంటే, ఇన్‌ఫ్లేషన్ పది శాతం నుంచి మూడు శాతం లోపుకు పడిపోయినట్టే, కాని పప్పు మాత్రం ఇంకా ప్రియమైనట్టే. ‘ఇన్‌ఫ్లేషన్ ఫాల్స్’ అనే శీర్షిక చూసి బజారులో ధరలు తగ్గాయనుకోకూడదు. రిజర్వ్ బ్యాంకుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన లక్ష్యం కూడా ధరలు పెరగకుండా చూడడం కాదు, ఆ పెరుగుదలను నాలుగు శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం హద్దుల్లో ఉంచడం. 2025 ఫిబ్రవరిలో రెపో రేటును, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించినప్పుడు ఇంగ్లీషు పత్రికలు ‘ట్వెంటీ ఫైవ్ బేసిస్ పాయింట్స్’ అని రాశాయి. ఒక బేసిస్ పాయింటు అంటే ఒక శాతంలో నూరో వంతు. ఆ సంగతి తెలియనివారు వడ్డీ పాతిక శాతం తగ్గిందని ఆశపడతారు. వెయివర్, రైట్-ఆఫ్ అనే రెండు మాటలకూ మన పత్రికలు మాఫీ అనే రాయడం మీద మాస్టారు గట్టిగానే మాట్లాడారు. వెయివర్ అయితే అప్పుదారు ఇక కట్టనక్కరలేదు. రైట్-ఆఫ్ అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలోంచి ఆ మొత్తాన్ని తీసేయడమే, అప్పుదారు మీద వసూలు హక్కు అలాగే ఉంటుంది. ఈ విషయంలో ఆయన ఆవేదన న్యాయమైనదని నా అభిప్రాయం.

ఇక లోపాల సంగతి. మొదటిది అంకెలు. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు అని ఒక్క అరగంటలో చెప్పి వదిలేశారు. ప్రపంచ వార్తలు చదవాలనుకునేవారికి ఇది చాలదు, కనీసం రెండు తరగతుల సాధన కావాలి. నాకు ఇప్పటికీ బిలియన్ కనిపిస్తే వేళ్లు లెక్కపెట్టుకోవలసి వస్తోంది.

రెండోది ఉచ్చారణ. డెట్ అనే మాటలో ‘బి’ పలకదనీ, రిసీట్‌లో ‘పి’ పలకదనీ చెప్పారు గాని, ఎకానమీ అన్నప్పుడు రెండో అక్షరం మీద పడే ఊనిక ఎకనామిక్ అన్నప్పుడు మూడో అక్షరానికి జరుగుతుందన్న సంగతి నేను వేరేచోట తెలుసుకోవలసి వచ్చింది. మనం తెలుగు పలికినట్టు అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాము, అందుకే ఇంగ్లీషు వార్తలు వింటున్నప్పుడు తెలిసిన మాట కూడా చెవికి దొరకదు. రేడియో వార్తలనో, బడ్జెట్టు ప్రసంగంలో కొంత భాగాన్నో వినిపించి రాయించే సాధన ఒక్కటీ లేదు. ఈ మాట మాస్టారికి నేరుగా చెప్పాను. స్పీకరు కొనాలనుకుంటున్నానని ఆయన అన్నారు.

మూడోది మాట్లాడే అవకాశం తక్కువ. ఇరవై రెండు మంది ఉన్న గదిలో ఒక్కొక్కరికి వారంలో రెండు మూడు నిమిషాలకు మించి దక్కదు. చదవడం, అర్థం చేసుకోవడం నాకు బాగా వచ్చాయి. బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని ఇంగ్లీషులో అడగమంటే మాత్రం ఇప్పటికీ తెలుగులోనే మొదలుపెడతాను. బారో, లెండ్ అనే రెండు మాటలు మనకు ఒకే అప్పు కింద నడుస్తాయి కనుక, మాట్లాడేటప్పుడు తారుమారు చేయనివారు మా తరగతిలో చివరి రోజు వరకు నలుగురైదుగురే ఉన్నారు. గది ఇరుకు, వేసవిలో రెండు ఫ్యాన్లు చాలవు. ముద్రించిన పుస్తకం ఇవ్వరు, నల్లబల్ల మీదిది రాసుకోవాలి. ఒక రోజు రాకపోతే ఆ పాఠం వేరొకరి పుస్తకంలోంచి తిరిగి రాసుకోక తప్పదు.

పోటీ పరీక్షలకు చదివేవారు ఇక్కడికి రావడం వృథా అని నేను అనుకోను, కాని వారికి కావలసిన వేగం ఇక్కడ ఉండదు. ఒక్క రాయితీ మీద గంటన్నర గడిపితే వారికి ఓపిక పోతుంది, మా జట్టులో అలాంటివారు ముగ్గురు మొదటి నెలలోనే మానేశారు. విదేశాలకు వెళ్లడానికి ఇంగ్లీషు పరీక్ష రాయవలసినవారు వేరే చోటు చూసుకోవడం మంచిది. దుకాణాల్లో లెక్కలు రాసేవారు, డ్వాక్రా సంఘాల పుస్తకాలు చూసేవారు, జామీను సంతకం పెట్టమని ఎవరైనా అడిగే వయసుకు వచ్చినవారు, కాలేజీలో ఆర్థికశాస్త్రం తెలుగులో చదివి ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకం తెరవవలసి వచ్చిన విద్యార్థులు మాత్రం తప్పకుండా చేరాలి. 3,600 రూపాయలు ఎక్కువని నాకు అనిపించలేదు. రెండు విడతల్లో కట్టవచ్చు, డ్వాక్రా సభ్యులకు ఆరు వందలు తగ్గిస్తారు. అది కన్సెషనే గాని డిస్కౌంటు కాదని మొదటి తరగతిలోనే చెబుతారు.

కొత్త జట్టు సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. ఇరవై నాలుగు మందికి మించి తీసుకోరు కనుక పండగకు ముందే వెళ్లి పేరు రాయించుకోవడం మేలు. మొదటి రోజు ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి తమకు అర్థం కాని ఇంగ్లీషు కాగితం ఒకటి తీసుకుని రావాలని నియమం. అది బ్యాంకు నోటీసు కావచ్చు, బీమా పత్రం కావచ్చు, ఆసుపత్రి బిల్లు కావచ్చు. నేను మాత్రం ఆ రోజు జామీను పత్రం నకలు పట్టుకెళ్లాను.